పెట్టెకు లోపలి గడియ

మేస్త్రి చేసిన పెట్టెల్లో పడుకున్నవాళ్లెవరూ ఇంతవరకూ ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదులన్నీ బయట నిలబడ్డవాళ్లవే.

ఆయన వడ్రంగి. కుర్చీలూ కిటికీలూ చేసుకునే మనిషి, పెళ్లయ్యాక మామగారి శవపేటికల దుకాణంలో చేరాడు. కొన్నాళ్లకు మామగారు తాను అమ్మిన సరుకులోనే వెళ్లిపోయారు. దుకాణం బావమరిది చేతికొచ్చింది. బల్లా, ఉలీ మేస్త్రికి మిగిలాయి. ముందుగదిలో గోడకు నిలబెట్టిన పెట్టెలు, బావమరిది కుర్చీ. వెనకగదిలో చీలమండ దాకా చెక్కపొట్టు, జిగురు వాసన. సన్నటి గోడకు అవతల సెలూను. అక్కడ రేడియో పెడితే ఇక్కడ మేస్త్రి ఆ పాట నడకకు తగ్గట్టు చిత్రిక పట్టేవాడు. విషాదగీతం వచ్చిన రోజు పని కుంటుపడేది.

మేస్త్రి నమ్మకాలు కొన్నే. దేవుడున్నాడు. ఆయన కుమారుడు మన పాపాల కోసం సిలువ మీద చనిపోయి, సమాధిలోంచి లేచాడు. మళ్లీ వస్తాడు. అప్పుడు పోయినవాళ్లంతా లేస్తారు, ఒంటితో సహా. ఇంతే. "దీని లోతైన భావమేమిటంటే" అని మొదలుపెట్టేవాళ్లంటే ఆయనకు పడదు. లేవడమంటే లేవడమే, అందులో లోతు వెతకడానికి ఏముందని ఆయన వాదన.

చిక్కంతా ఆ 'ఒంటితో సహా' దగ్గర వచ్చింది.

ఒక ఆదివారం పాస్టరుగారు కడబూర గురించి చెప్పారు. బూర మోగగానే రెప్పపాటులో మృతులు లేస్తారన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మేస్త్రి మాత్రం ముందు బెంచీ వీపు మీద వేలితో ఏదో గీస్తూ కూర్చున్నాడు. లేస్తారు సరే, మరి మూత సంగతేమిటి? చుట్టుపక్కల సమాధుల్లో సగం మూతలు తాను మేకులు దిగ్గొట్టినవే. పక్క ఊరి మేస్త్రి చేసిన నాసిరకం పెట్టెల్లో పడుకున్నవాళ్లు ఒక్క తోపుతో లేచి వెళ్లిపోతుంటే, తన పెట్టెల్లోవాళ్లు మూతకు తల కొట్టుకుని "ఎవడయ్యా దీన్ని చేసింది" అంటున్నట్టు కళ్లకు కట్టింది. పనితనం గట్టిగా ఉండటం వల్ల పరువు పోయే సందర్భం ఒకటుంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

ఆ వారం నుంచే లోపలి గడియ మొదలైంది. మేకుల బదులు, మూత నొక్కితే టక్కుమని పడే ఇత్తడి గడియ. తీయడానికి లోపల చేతికందేలా చిన్న పిడి. బయట ఏమీ ఉండదు. బయటివాళ్లకు దాంతో పనేమిటన్నది ఆయన లెక్క. కొలతలు చెప్పడానికి వచ్చినవాళ్లను పొడవూ వెడల్పూ అడిగి, చివర్లో గొంతు తగ్గించి, "ఎడమచేతి వాటమా అండీ?" అనేవాడు. ఒకావిడ ఏడుపు ఆపి, "అవునండీ, మా ఆయన మీకు తెలుసా?" అంది. మేస్త్రి తెలియదని చెప్పి, పిడిని రెండో పక్కకు మార్చి రాసుకున్నాడు.

జనం ఆయనకు లోగడియ మేస్త్రి అని పేరు పెట్టారు. బావమరిది పట్టించుకోలేదు. గడియలన్నీ పాత కిటికీల నుంచి ఊడదీసినవే కాబట్టి, ఆయన పిచ్చి ఆయనకు ఆనందం అని వదిలేశాడు. అలాగే సాగిపోయేది, పోస్టుమాస్టరుగారు పోకుండా ఉంటే.

రిటైరైన పోస్టుమాస్టరుగారు పెద్దమనిషి. చర్చి నిండిపోయి జనం వసారాలో కూడా నిలబడ్డారు. మామూలుగా మూత పెట్టడం సమాధి దగ్గరే, అదీ మేస్త్రి చేత్తోనే. ఆ గురువారం పెట్టెను వసారాలోకి తెచ్చేసరికి జల్లు మొదలైంది. ఎవరో కంగారుపడి మూత వేసి, తడవకుండా గట్టిగా నొక్కారు. టక్కుమంది.

సరిగ్గా అప్పుడే పోస్టుమాస్టరుగారి తమ్ముడు ఆటో దిగి తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. దూరప్రయాణం, బండి ఆలస్యం. వస్తూనే పెట్టె మీద పడి, "ఒక్కసారి మా అన్నయ్య మొహం చూపించండయ్యా" అని ఏడ్చాడు.

నలుగురూ మూత పట్టుకుని లాగారు. రాలేదు. పెట్టె మొత్తం పైకి లేచింది గాని మూత రాలేదు. అప్పుడు అందరి తలలూ మేస్త్రి వైపు తిరిగాయి.

"బయటి నుంచి రాదండీ," అన్నాడు మేస్త్రి గొడుగు ముడుస్తూ. "గడియ లోపలుంది."

"మరెలా వస్తుంది?" అన్నాడు తమ్ముడు.

"లోపలివాళ్లు తీయాలి."

"లోపల ఎవరున్నారు?"

"మీ అన్నయ్యగారే."

పాస్టరుగారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. పోస్టుమాస్టరుగారి కూతురు కొంగు నోట్లో కుక్కుకుని భుజాలు కదిలేలా వణికిపోయింది. ఆమె ఏడుస్తోందనుకుని పిన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. నిమిరేకొద్దీ ఆ వణుకు ఎక్కువైంది. తమ్ముడు మాత్రం మేస్త్రి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఇంత దుఃఖంలో తనతో ఎవరైనా వేళాకోళమాడతారా అన్నది ఆయనకు అంతుబట్టలేదు.

మేస్త్రి ఉలి తెప్పించుకుని తన గడియను తానే పగలగొట్టాడు. ఆ పూట అక్కడ ఆయన కంటే ఎక్కువగా ఏడ్చినవాళ్లు లేరు. పోస్టుమాస్టరుగారంటే ఇంత అభిమానమా అని జనం అనుకున్నారు.

దుకాణానికి రాగానే బావమరిది ఒంటికాలి మీద లేచాడు.

"బావా, నువ్వు చేసేది పెట్టా, స్నానాలగదా? లోపల గడియేంటి? జనం నా మొహం మీద నవ్వుతున్నారు."

"నవ్వనీ. లేచే రోజున తెలుస్తుంది."

"లేచే రోజు సంగతి లేచేవాళ్లు చూసుకుంటారు. డబ్బులిచ్చేవాళ్లు బయటుంటారు బావా, లోపల ఉండరు. ఆ ముక్క నీ బుర్రకెప్పుడెక్కుతుంది?"

"గడియ తీసేస్తే నమ్మకం లేనట్టు. ఆ విషయంలో నేను కదలను."

"కదలొద్దు. గడియ కదిలించు చాలు. సోమవారం నుంచి గడియ ఉంటే నువ్వుండవు. అక్క ఏడ్చినా సరే."

 మేస్త్రి చేతికి ఆ బల్ల తప్ప ఇంకో బల్ల తెలియదు. ఆ వయసులో వేరే దుకాణం మెట్లెక్కి పని అడగడానికి మనసొప్పలేదు. అయితే గడియ తీసేయడమంటే, పోయినవాళ్లు లేవరని తన చేత్తో తాను ఒప్పుకున్నట్టే కదా. బల్ల కోసం ప్రభువును వదులుకున్నావా అని రేపు పైన అడిగితే ఏం చెప్పాలి?

పాస్టరుగారైతే తన పక్షం నిలుస్తారని మర్నాడు వెళ్లాడు. ఆయన చర్చి వెనకగదిలో, కీచుమనే మైకు విప్పుకుని కూర్చున్నారు. పెదాల మధ్య రెండు మరలున్నాయి.

"అయ్యగారూ, పోయినవాళ్లు లేస్తారా, లేవరా?"

"లేస్తారు," అన్నారు పాస్టరుగారు మరల సందులోంచి.

"ఒంటితోనేనా?"

"ఒంటితోనే."

"మరి మూత?"

పాస్టరుగారు మరలు తీసి అరచేతిలో పెట్టుకున్నారు. "మూత సంగతి ప్రభువు చూసుకుంటాడు మేస్త్రిగారూ. ఆయన సమాధికి అంత పెద్ద రాయి అడ్డం పెట్టారు. దానికి లోపల గడియ ఉందా?"

"ఆయన ప్రభువండీ. మన పోస్టుమాస్టరుగారికి మోకాళ్ల నొప్పులు."

"లేచేటప్పుడు నొప్పులుండవు."

"నొప్పులుండవని మీరంటున్నారు. మూతకు మేకులుండవని అనడం లేదు."

పాస్టరుగారు మరలను మైకు పక్కన పెట్టారు. "నాకు పునరుత్థానం మీద పూర్తి నమ్మకం ఉంది. గడియ మీదే లేదు."

మేస్త్రి దండం పెట్టి బయటికొచ్చాడు. దారిలో సెలూనాయన ఏమైందని అడిగితే, "అయ్యగారికి గడియ మీద నమ్మకం లేదట" అన్నాడు. సెలూనులో గడ్డం గీయించుకుంటున్నవాడు అది విని ఇంట్లో చెప్పాడు. వీధి చివరికి చేరేసరికి అది, పాస్టరుగారికి పునరుత్థానం మీదే నమ్మకం లేదట, అయింది. సాయంత్రానికి సంఘపెద్దలు గంభీరమైన మొహాలతో పాస్టరుగారి తలుపు తట్టారు.

పాపం, ఆయన ఆదివారం ప్రసంగమంతా పునరుత్థానం మీదే చేశారు. ఖాళీ సమాధి దగ్గర మొదలుపెట్టి, మధ్యలో రెండుసార్లు ముగించబోయి, పెద్దల మొహాలు చూసి మళ్లీ అందుకున్నారు. మైకు కీచుమన్న ప్రతిసారీ కొత్త ఆధారం ఒకటి చెప్పారు. చిన్నపిల్లలు నిద్రపోయారు. తర్వాత పెద్దవాళ్లూ నిద్రపోయారు. మేస్త్రి ఒక్కడే ప్రతి మాటకూ "ఆమేన్" అంటూ కూర్చున్నాడు. ఆ కేకకు ఉలిక్కిపడి లేచినవాళ్లను చూసి, మృతులు లేవడం ఎలా ఉంటుందో సంఘానికి కొంత అర్థమైంది.

గట్టిగా నిలబడ్డానన్న తృప్తితో మేస్త్రి మధ్యాహ్నం గడ్డం గీయించుకోవడానికి సెలూనుకెళ్లాడు. సెలూనాయన చర్చికి పోడు, గుడికీ పోడు. అందరి తలలూ తన దగ్గరే వంగుతాయి కాబట్టి తాను ఎక్కడా వంగనక్కర్లేదంటాడు. మేస్త్రి మొహానికి నురగ పట్టించి, కత్తి గొంతు మీద ఆనించి, తీరిగ్గా మొదలుపెట్టాడు.

"మేస్త్రీ, ఆ గడియ ఇత్తడిదే కదా?"

"ఊఁ."

"తుప్పు పట్టదు. మంచి ఆలోచన. మరి చెక్క? మట్టిలో ఎన్నాళ్లుంటుంది?"

మేస్త్రికి తెలుసు. తడి నేలలో కొన్నేళ్లు, అంతే. ఆయన చేతి కింద పడ్డ చెక్క ఆయనకు తెలియకపోవడమేమిటి.

"చెక్క పోతుంది," అన్నాడు సెలూనాయన తానే. "కదలకు, తెగుతుంది. చెక్క పోయాక ఒళ్లు?"

మేస్త్రి గుటక మింగబోయి, కత్తి గుర్తొచ్చి మానేశాడు.

"ఒళ్లూ పోతుంది. మూత పోయింది, చెయ్యి పోయింది. చివరికి మట్టిలో మిగిలేది నీ గడియ ఒక్కటే. బూర ఊదగానే అది ఒక్కటీ మెరుస్తూ లేస్తుంది చూడు. పైన దేవదూతలు బుట్ట పట్టుకుని ఏరుకోవాలి."

వరసలో కూర్చున్నవాళ్లు నవ్వారు. మేస్త్రి కదల్లేదు. విశ్వాసంలో కదలని మనిషని ఆయనకు ఆ తర్వాత పేరొచ్చింది గాని, ఆ క్షణాన కదలకపోవడానికి కారణం కత్తి.

ఇంటికి వెళ్లి కంచం ముందు కూర్చుని తినలేకపోయాడు. భార్య చిరిగిన దిండుగలీబు కుడుతోంది. ఆవిడ మాట తక్కువ మనిషి. మొగుడి గడియల గురించి ఇంతవరకూ ఒక్క ముక్క అనలేదు. తన తమ్ముడు పెట్టిన గడువు గురించీ అనలేదు.

"ఏం, కూర బాగాలేదా?"

"వాడన్నది నిజమే. చెక్క పోతుంది, ఒళ్లు పోతుంది. మరి నేను పెట్టిన గడియలన్నీ ఎవరికి?"

ఆవిడ దారం పంటితో తెంపింది. "మన పిల్ల పెట్టెకు గడియ ఉందా?"

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నడక రాకముందే జ్వరంతో పోయిన పిల్ల. దాని పెట్టె మేస్త్రే చేశాడు, మేకులు తానే కొట్టాడు. గడియల ఆలోచన అప్పటికింకా పుట్టలేదు.

"లేదు," అన్నాడు.

"అది లేస్తుందా, లేవదా?"

"లేస్తుంది." ఆలోచించకుండా వచ్చింది మాట. అడిగిన వెంటనే, అన్నం పెట్టమన్నంత మామూలుగా వచ్చింది.

"దాని మూత ఎవరు తీస్తారు?"

మేస్త్రి కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు.

"మట్టయిపోయిన పిల్లను మళ్లీ పిల్లను చేసేవాడికి ఒక చెక్క తీయడం రాదా? ఇన్నేళ్లూ మీరు ఎవరికి సాయం చేస్తున్నట్టు?" అంది ఆవిడ. మళ్లీ సూదిలో దారం ఎక్కించుకోవడం మొదలుపెట్టి, "కూర చల్లారిపోతోంది" అంది.

మేస్త్రి కూర తిన్నాడు. ఇంకొంచెం వేయించుకుని కూడా తిన్నాడు.

సోమవారం ఆయన దుకాణానికి పెందలాడే వెళ్లి, సిద్ధంగా ఉన్న పెట్టెలకు గడియలన్నీ ఊడదీశాడు. ఆ కన్నాలకు చెక్కబిళ్లలు అతికి, ఉప్పుకాగితం పట్టి, ఏమీ జరగనట్టు నున్నగా చేశాడు. మేకుల జోలికీ మళ్లీ పోలేదు. మూత అంచుకు గాడి తీసి, అది దానంతట అదే కూర్చునేలా చేశాడు. పెట్టడం వరకే మన పని, తీయడం ప్రభువు పని అని తేలిపోయాక ప్రాణం తేలికపడింది. పక్కగది రేడియోలో ఎవరో వాతావరణం చదువుతుంటే దానికీ ఈల వేశాడు.

బావమరిది వచ్చాడు. చంకలో ఇంకా రంగు తడి ఆరని బోర్డు ఉంది. దాని మీద పెద్దక్షరాలతో 'మా ప్రత్యేకత: లోపలి గడియ' అని రాయించుకొచ్చాడు.

జరిగిందేమిటంటే, పోస్టుమాస్టరుగారి అంత్యక్రియల కథ చుట్టుపక్కలంతా పాకింది. నవ్విన జనమే ఇంటికి పోయి ఆలోచించారు. పోయేదేముంది, ఉంటే మంచిదే కదా అనుకున్నారు. రెండు రోజులుగా బావమరిది ఇంటికి మనుషులు వచ్చి, ఆ గడియ ఉన్న పెట్టెలు మీ దగ్గరేనా అని అడిగి వెళుతున్నారు. కొందరు గడియతో పాటు లోపల చిన్న అద్దం కూడా పెట్టించవచ్చా అని అడిగారు.

బావమరిది నున్నటి మూతలు చూసి బోర్డు కింద పెట్టాడు.

"బావా, గడియలేవీ?"

"తీసేశాను."

"ఎవరు తీయమన్నారు?"

"నువ్వే."

"అది గురువారం. ఇవాళ సోమవారం. పెట్టెయ్ మళ్లీ."

"పెట్టను. గడియ పెడితే ప్రభువు మీద నమ్మకం లేనట్టు."

"గురువారం, తీసేస్తే నమ్మకం లేనట్టన్నావు."

"గురువారం నాకు తెలియదు."

బావమరిది తల ప్రాణం తోకకొచ్చింది. "చూడు బావా. నీ నమ్మకం ఎటు తిరిగితే అటు నేను తిరగలేను. గడియ పెడతావా, బయటికి నడుస్తావా? అదే మాట, ఈసారి తిరగేసి చెబుతున్నాను, అంతే."

మేస్త్రి తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. ఉలి తీసి సంచిలో పెట్టుకోబోతుండగా ముందుగదిలోంచి, "ఎవరైనా ఉన్నారా నాయనా?" అని వినిపించింది.

ఒక మామ్మగారు. చేతికర్ర, పెద్ద కళ్లద్దాలు. తన పెట్టె తానే చూసుకోవడానికి వచ్చింది. కొడుకులకు వదిలేస్తే చవకరకం తెస్తారని ఆవిడ భయం. బావమరిది కుర్చీ ఇచ్చి, మొహం నిండా నవ్వు పులుముకున్నాడు.

"లోపల గడియ ఉన్నది కావాలి నాకు," అందావిడ.

"తప్పకుండా మామ్మగారూ. మా బావే చేస్తాడు," అంటూ మేస్త్రి వైపు కళ్లురిమాడు.

"చేయను మామ్మగారూ," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు నాయనా? నువ్వే కదా ఆ లోగడియాయనవి?"

"నేనే. మీకెందుకు గడియ? లేస్తామన్న నమ్మకం లేదా?"

"నమ్మకానికేం, నిక్షేపంగా ఉంది." మామ్మగారు కర్ర మీద రెండు చేతులూ పెట్టి, కాస్త సిగ్గుపడింది. "నాకు చీకటంటే భయం. చిన్నప్పటి నుంచీ అంతే. లైటు వేసుకునే పడుకుంటాను."

బావమరిది నవ్వు ఆపుకున్నాడు. మేస్త్రికి నవ్వు రాలేదు. సంచి కింద పెట్టి ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మామ్మగారూ, ఇందులో పడుకునేది మీ ఒళ్లొక్కటే. మీరు అప్పటికే ప్రభువు దగ్గరుంటారు. అక్కడ దీపం అవసరమే లేదు. ఒంటికి చీకటీ తెలియదు, వెలుగూ తెలియదు. లేచే రోజు వచ్చినప్పుడు మీరేమీ తడుముకోనక్కర్లేదు. ఆయనే వచ్చి పేరు పెట్టి పిలుస్తాడు."

"ఆయనే వస్తాడంటావా?"

"వస్తాడు."

"ఎవరినైనా పంపుతాడేమో?"

"పంపడమ్మా. నేను చిన్నప్పటి నుంచీ నమ్మింది అదొక్కటే. ఈ గడియ మధ్యలో వచ్చింది, మధ్యలో పోయింది."

మామ్మగారు కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. నున్నటి మూత మీద అరచెయ్యి ఆనించి చూసింది. "అయితే గడియ వద్దులే. మూత మాత్రం మరీ బరువుగా చేయకు," అని కొలతలిచ్చి, చెల్లెలిని కూడా తీసుకొస్తానని చెప్పి వెళ్లిపోయింది.

 బావమరిది బోర్డు తిప్పి గోడకు ఆనించాడు. వెనకగదిలోకి ఒకసారి వచ్చి వెళ్లాడు. మళ్లీ వచ్చాడు. మేస్త్రి బల్ల దగ్గర చెక్క మీద పెన్సిలుతో గీతలు గీస్తున్నాడు.

"బావా."

"ఊఁ."

"జనానికి వద్దులే. నీ ఇష్టం. కాని నా పెట్టె నువ్వే చేస్తావు కదా. దానికి మాత్రం ఒకటి పెట్టు. ఎందుకైనా మంచిది."

మేస్త్రి పెన్సిలు చెవి మీద పెట్టుకుని బావమరిదిని పైనుంచి కిందికి చూశాడు.

"నీకసలే పెట్టను."

"అదేంటి, నేనేం పాపం చేశాను?"

"అదే కదా భయం. బూర మోగితే తీర్పుకి రావాలి. నువ్వు లోపల్నుంచి గడియ వేసుకుని, మనిషి ఊళ్లో లేడనిపిస్తావు."

గోడ అవతల రేడియో ఆగిపోయింది. సెలూనాయన నవ్వు మాత్రం వినిపించింది. బావమరిది ముందుగదిలోకి పోయి కుర్చీలో మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం కొత్త చెక్కల బండి వచ్చింది. రెండో కొస ఎవరు పడతారని బండివాడు అడిగితే, బావమరిది లేచి వెళ్లి తానే పట్టుకున్నాడు. మొదటి కొస అప్పటికే మేస్త్రి భుజం మీదుంది.